ఒకే రంగం పుస్తకాలు చదవాలా, దొరికినవన్నీ చదవాలా?

కథలు, నవలలు సరే, చరిత్ర, విజ్ఞానం, ఆత్మకథల్లాంటివి చదవడంలో ఆనందం ఏముంటుంది, చదివితే ఒకే రంగానికి కట్టుబడాలా అని అడిగారు. రెండో ప్రశ్నకే ముందు జవాబు: కట్టుబడవద్దు. పరీక్షకో పరిశోధనకో అయితే వేరు సంగతి. ఊరికే చదువుకునేవాళ్లకు అసలు రుచంతా, సంబంధం లేని రెండు పుస్తకాలు ఎక్కడో ఎదురుపడి పలకరించుకోవడంలోనే ఉంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. యాత్రా రచనల మీద ఇష్టంతో ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర చదివాను. మద్రాసు సుప్రీం కోర్టులో దుభాషీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. రైళ్లు లేని కాలం. ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, నీళ్లు మంచివా కావా, దారి ఇసుకా రాళ్లా, దిగడానికి వసతి ఉందా అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోతారు. మొదట్లో కాస్త విసుగు పుట్టించే మాట నిజం.

కొంతకాలం తర్వాత గోదావరి ఆనకట్ట గురించి ఏదో చదువుతుంటే 1832-33 నాటి నందన కరువు ప్రస్తావన వచ్చింది. గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన కరువు అది. ఆ సంవత్సరం చూడగానే చేతిలోది పక్కన పెట్టి వీరాస్వామిని మళ్లీ తీశాను. కలకత్తా, పూరీ చూసుకుని కోస్తా దారిన ఆయన ఇల్లు చేరింది అంతకు ముందు ఏడాదే కదా! విసుగనిపించిన ఆ అంగళ్లు, నీళ్ల వివరాలు ఒక్కసారిగా వేరే రంగు తిరిగాయి. మరుసటి ఏటికి ఆ దారిలోని ఊళ్లకు ఏ గతి పట్టబోతోందో రాస్తున్న ఆయనకు తెలియదు, చదువుతున్న నాకు తెలుసు. ఇలాంటి కరువుల తర్వాతే ధవళేశ్వరం దగ్గర కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి ముగించాడని బడిలో బట్టీ పట్టిన సంగతి, అప్పటికి గానీ నా బుర్రలోకి ఎక్కలేదు. నవలలో ఇలాంటి మలుపు వస్తే రచయిత నేర్పు అంటాం. ఇక్కడ ఆ మలుపు పెట్టినవారెవరూ లేరు, రెండూ మీరు చదివారు కాబట్టి జరిగింది, అంతే.

సైన్సు మనకు అంటదు అనుకునేవాళ్లు శాస్త్రవేత్తల జీవితాలతో మొదలుపెట్టవచ్చు. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టారని మనవాళ్లందరికీ తెలుసు. ఆయన చెప్పుకున్న వివరాలు చూడండి: చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, కన్ను ఆనించే అద్దం ఒక్కటే మిగిలితే అదీ బీటలు వారింది. పంఖా వేయించుకుందామంటే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగి, తనను కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున పుచ్చుకుని ఒళ్లు అప్పగించాడు. రాస్ ప్రయోగశాల ఉన్న బేగంపేట వైపు వెళ్లినప్పుడల్లా నాకు నోబెల్ బహుమతి కంటే ఆ అణాలే గుర్తొస్తాయి.

వ్యక్తిత్వ వికాస పుస్తకాలు కూడా ఈ కోవలోవే కదా అనవచ్చు. కావచ్చు గానీ, అవి పది చదివినా ఒకటే పదిసార్లు చదివినట్టుంటుంది.

పద్ధతంటూ పెద్దగా ఏమీ లేదు. ఒకేసారి రెండు, వేర్వేరు విషయాలవి, దగ్గర పెట్టుకోండి. పట్టు చిక్కని పుస్తకాన్ని మొహమాటం లేకుండా మధ్యలో వదిలేయండి. హైదరాబాదులో ఉంటే ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద, విజయవాడలో అయితే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో, వెతకని పుస్తకాలే ఎక్కువ దొరుకుతాయి. వీరాస్వామి పుస్తకం కొనేటట్టయితే దిగవల్లి వేంకట శివరావు గారు 1941లో పరిష్కరించి ప్రకటించిన ప్రతి కోసం అడగండి.