లెస్టర్‌లో తొలి క్రిస్మస్: మనిషికి 250 పౌండ్లు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. ఎంఎస్సీ కోసం ఈ సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాను. 25 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉంది, వడ్డీ 11 శాతం. వారానికి 20 గంటలు ఒక షాపులో పనిచేస్తున్నాను. అద్దె, ఖర్చులు పోను చేతిలో 600 పౌండ్లు ఉన్నాయి. జనవరి చివర్లో కట్టాల్సిన ఫీజు వాయిదాలో 400 పౌండ్లు నేనే వేసుకోవాలి. ఇంటికి దూరంగా ఇది నా మొదటి క్రిస్మస్. ఆరుగురం స్నేహితులం స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో మూడు రాత్రులు ఇల్లు అద్దెకు తీసుకుందామంటున్నారు. మనిషికి 250 పౌండ్లు. నాన్న క్రెడిట్ కార్డుకు యాడ్ఆన్ కార్డు నా దగ్గర ఉంది కాబట్టి నన్నే బుక్ చేయమంటున్నారు. వద్దంటే పండగ రోజు ఒంటరిగా మిగిలిపోతానేమోనని భయంగా ఉంది.

జవాబు: ముందుగా ఆ భయం సంగతి. కుటుంబం లేకుండా వచ్చే మొదటి క్రిస్మస్ ఎంత బరువుగా ఉంటుందో నాకు తెలుసు. ఇంటి మీద స్టార్ కట్టడం, రాత్రి కేరల్స్, అర్ధరాత్రి ఆరాధన, అమ్మ వండిన కజ్జికాయలు, ఇవేవీ లేని రోజును ఒక్కరే గదిలో గడపొద్దు. పండగను మీ బడ్జెట్‌లో తప్పకుండా ఉండాల్సిన ఖర్చుగానే చూడండి. కాకపోతే ఫీజుకు తీసిపెట్టాక మీ దగ్గర మిగిలేది 200 పౌండ్లు. ఎడిన్‌బరో ఆ 200ను మించిపోయింది.

రూపాయల్లో కాకుండా పని గంటల్లో లెక్క వేయండి. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా బ్రిటన్‌లో 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. 20 గంటలకు 244. వారం జీతం మొత్తం పెట్టినా 250కి ఇంకా ఆరు పౌండ్లు తక్కువ. అదే డబ్బు, అంటే సుమారు 30 వేల రూపాయలు, లోన్ నుంచి తీశారనుకోండి. 11 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చేసరికి దాదాపు 50 వేలు కడతారు. చదువు సాగినంత కాలం వడ్డీ కట్టకుండా వదిలేస్తే అంతకన్నా ఎక్కువే.

మూడు రాత్రులు ఎందుకు ఉండాల్సి వస్తోందో కూడా చూడండి. డిసెంబరు 25న బ్రిటన్‌లో రైళ్లు నడవవు, 26న కూడా చాలా తక్కువ. 24న వెళ్తే 27 దాకా అక్కడే ఉండాలి. ఊరు చూడ్డం కోసం కాదు, తిరిగి రావడానికి రైలు లేక మీరు అద్దె కడుతున్నారు.

కార్డు విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, బుక్ చేయొద్దు. ఆరుగురికీ కలిపి 1,500 పౌండ్లు మీ నాన్నగారి బిల్లులో పడతాయి. విదేశీ లావాదేవీకి 3.5 శాతం మార్కప్, అంటే బ్యాంకు వేసే అదనపు చార్జీ, ఉన్న కార్డయితే, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీతో కలిపి 62 పౌండ్లు అదనం. ఒక్కరు డబ్బు ఆలస్యంగా ఇచ్చినా వడ్డీ భారం గుంటూరులో ఆయన మీద పడుతుంది. స్నేహితులతో "అది నాన్న కార్డు, వాడలేను" అనండి. అంతకుమించి వివరణ అక్కర్లేదు.

దానికి బదులు మీలో పెద్ద వంటగది ఉన్నవాళ్ల ఇంట్లో కలవండి. ఈ కబురు మీరే ముందు పెట్టండి, పిలిచేది మీరే అయినప్పుడు ఒంటరిగా మిగిలే ప్రశ్నే ఉండదు. వంటకు మనిషికి 25 పౌండ్లు ముందే పోగు చేసుకుంటే ఆరుగురికి 150. బిర్యానీ, కేకు, ఇంకో రెండు కూరలు నిండుగా వస్తాయి. పేర్లు చీటీలు తీసుకుని ఒక్కొక్కరు ఒక్కరికే పది పౌండ్లలోపు కానుక ఇవ్వండి. చర్చిలో వేసే కానుక, దారి ఖర్చు కలిపినా 70 దాటదు. సరుకులు మాత్రం 24 మధ్యాహ్నానికే తెచ్చుకోండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లు దాటిన షాపులు క్రిస్మస్ రోజు తెరవకూడదని 2004 నుంచి చట్టమే ఉంది. చిన్న కొట్లు కొన్ని తీసే ఉంటాయి గానీ వాటిని నమ్ముకుని బియ్యం నానబెట్టొద్దు. మీ యూనివర్సిటీలో, దగ్గరి చర్చిల్లో కూడా అడగండి. అక్కడే ఉండిపోయిన విదేశీ విద్యార్థులకు పండగ భోజనం పెట్టేవాళ్లు చాలాచోట్ల ఉంటారు, పేరు ముందుగా ఇవ్వాలి.

అమ్మ కొత్త బట్టలకని డబ్బు పంపుతానంటే ఆ మొత్తాన్ని లోన్ ఖాతాలో వడ్డీకి వేయమనండి. 25 లక్షలూ విడుదలై ఉంటే నెలకు దాదాపు 23 వేల వడ్డీ పెరుగుతోంది.

ఇక సంపాదన. యూనివర్సిటీ ప్రకటించిన క్రిస్మస్ సెలవుల్లో స్టూడెంట్ వీసా మీద మామూలుగా 20 గంటలకు మించి పనిచేయొచ్చు. మాస్టర్స్‌కు సెలవు తేదీలు వేరుగా ఉండొచ్చు కాబట్టి ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి మెయిల్‌లో రాయించుకోండి. క్లాసులు జరిగే వారాల్లో అదనపు గంటలకు చేతికి క్యాష్ ఇస్తామంటే ఒప్పుకోవద్దు. అది వీసాకే ముప్పు.

ఎడిన్‌బరో చూడాలన్న కోరికను ఈస్టర్ సెలవులకు జరపండి. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న. జనవరి రెండో వారం నుంచి వారానికి 15 పౌండ్లు మీ బ్యాంకు ఖాతాలో విడిగా పక్కన పెడితే 12 వారాల్లో 180 అవుతాయి. రైల్‌కార్డు తీసుకుంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. ఆ టికెట్లు అమ్మకానికి రాగానే బుక్ చేయండి, ఈసారి ఎవరి కార్డుతో వాళ్లు.