గైడ్‌గారు రిటైరవుతున్నారు, ఇప్పుడెలా?

ప్రశ్న: 2023 జనవరిలో చరిత్ర విభాగంలో పీహెచ్‌డీలో చేరాను. మా గైడ్‌గారు వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారు. మూడు అధ్యాయాలు ఇచ్చి నాలుగు నెలలైంది, ఇంకా చూడలేదు. మధ్యలో పాప పుట్టి కొన్ని నెలలు పని సాగలేదు. గైడ్‌ని మార్చుకోమని అందరూ అంటున్నారు. గడువు సరిపోతుందా?
– ఒక పరిశోధక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ముందు గడువు సంగతి. మీరు చేరింది 2022 నవంబరు 7 తర్వాత కాబట్టి అప్పుడొచ్చిన యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనలే మీకు వర్తిస్తాయి. అంతకుముందు రిజిస్టరైన సీనియర్ల సలహాలు మీకు సరిపోకపోవచ్చు. చేరిన రోజు నుంచి ఆరేళ్లు, అంటే 2029 జనవరి దాకా మీకు సమయముంది. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలకు ఇంకో రెండేళ్లు ఇవ్వవచ్చు. మొత్తం పదేళ్లు దాటకూడదు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఇవ్వవచ్చు. సెలవు మంజూరైన ఉత్తర్వు మీ దగ్గర ఉందా? లేకపోతే ఆ నెలలన్నీ ‘పురోగతి లేదు’ అనే ఖాతాలోకి పోతాయి. ఇంకో మాట: జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) ఉంటే అది ఐదేళ్లకే ఆగిపోతుంది. గడువు ఉన్నంతకాలం డబ్బు వస్తుందనుకోకండి.

గైడ్‌ని మార్చడం చివరి మార్గంగా ఉంచుకోండి. రిటైరయ్యాక కూడా ఆయన మీకు సహ పర్యవేక్షకుడిగా ఉండవచ్చు, 70 ఏళ్లు వచ్చే దాకా. అప్పుడు మీకు కావలసింది విభాగంలో ఒక కొత్త ప్రధాన గైడ్, అంతే, అంశం మార్చుకోనక్కర్లేదు. ప్రొఫెసర్ దగ్గర ఒక సమయంలో ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లకే వీలు. కాబట్టి ఎవరి గుమ్మం తొక్కేముందైనా వారి దగ్గర ఖాళీ ఉందో లేదో ఆఫీసులో కనుక్కోండి. ‘చూద్దాంలెండి’ అన్న మేడమ్ దగ్గర ఖాళీయే లేదని ఆర్నెల్ల తర్వాత తెలిస్తే అప్పుడు చేసేదేముండదు.

గైడ్‌గారు చూడకపోవడంలో మీ పొరపాటూ కొంత ఉంది. మూడు అధ్యాయాలు ఒకేసారి ఇస్తే ఆ కట్ట బల్ల మీదే ఉంటుంది. ఒక్క అధ్యాయం ఇవ్వండి. పైన అర పేజీలో మీకు ఎటూ తేలని రెండు మూడు చోట్లు పేజీ నంబర్లతో రాయండి: ‘42వ పేజీలో శాసన కాలాన్ని ఇలా నిర్ణయించాను, సరేనా?’ ఇలాంటి ప్రశ్నకు చదవకుండా జవాబు చెప్పడం కుదరదు. కలిసి మాట్లాడిన రోజు సాయంత్రమే అనుకున్నవి నాలుగు వాక్యాల్లో ఈమెయిల్ పెట్టండి.

పరిశోధన సలహా కమిటీ ముందు ప్రతి సెమిస్టరూ మీ పని చూపించాలి. అధ్యాయాలు ఇచ్చిన తేదీలు ఆ నివేదికలో పడేలా చూడండి. కొత్త ప్రధాన గైడ్ కోసం విభాగాధిపతికి ఇచ్చే అర్జీ ఒక్క పేజీ మించకూడదు. ఫిర్యాదు స్వరం వద్దు. గైడ్ సంతకంతోనే పంపండి. రెండో కాపీ మీద అర్జీ అందినట్టు ఆఫీసువారు వేసే ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే. సహ పర్యవేక్షకుడిగా గైడ్‌గారి అంగీకార పత్రం మాత్రం ఆయన రిటైరయ్యే ముందే తీసుకోండి.

ప్రశ్న: నెట్, పీహెచ్‌డీ ఉన్నాయి. ఒక కళాశాలలో తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు అధ్యాపకుణ్ని. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు ఈ సర్వీసు లెక్కకొస్తుందా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: కాంట్రాక్టా, అడ్‌హాకా అనే పేరు పట్టించుకోరు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం చూసేవి మూడు. చేరేనాటికి ఆ పోస్టుకు తగ్గ అర్హత ఉండాలి. సక్రమంగా ఏర్పడ్డ ఎంపిక కమిటీ సిఫారసుతోనే నియామకం జరిగి ఉండాలి. మొత్తం జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తక్కువ కాకూడదు. చాలామందికి దెబ్బ తగిలేది ఈ మూడో దగ్గరే. గెస్ట్ ఫ్యాకల్టీకి యూజీసీ 2019లో చెప్పినది పీరియడ్‌కు 1,500, నెలకు గరిష్ఠం 50,000 రూపాయలు. ఏడో వేతన స్కేలులో రెగ్యులర్ వారి మూల వేతనమే 57,700 నుంచి మొదలవుతుంది. ఇక లెక్క మీరే వేసుకోండి.

పీహెచ్‌డీ చేసిన కాలాన్ని అనుభవంగా లెక్కించరు. సెలవు పెట్టకుండా పాఠాలు చెబుతూ చేసి ఉంటే ఆ సర్వీసు పోదు. అనుభవ పత్రంలో ‘2016 నుంచి ఇప్పటిదాకా’ అని ఒక్క ముక్కలో రాయించుకోవద్దు. ఏటా రెన్యువల్ మధ్య విరామాలు ఉంటే నియామక ఉత్తర్వులతో పోల్చినప్పుడు తేడా బయటపడుతుంది. ప్రతి ఉత్తర్వు నంబరు, తేదీలు, జీతం విడివిడిగా రాయించండి. జీతానికి బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయండి. ఎనిమిదేళ్ల అనుభవంతో పాటు కనీసం ఏడు ప్రచురణలు, 75 పరిశోధన స్కోరు కూడా కావాలని మర్చిపోకండి.

ప్రశ్న: ఒక పత్రిక 4,000 రూపాయలు కడితే పదిహేను రోజుల్లో వ్యాసం వేస్తామంటోంది. ‘యూజీసీ కేర్ జాబితాలో ఉన్నాం’ అంటున్నారు.
– గుంటూరు స్కాలర్

జవాబు: కేర్ జాబితాను, అంటే తాను గుర్తించిన పరిశోధన పత్రికల పట్టికను, నిలిపేసినట్టు యూజీసీ 2025 ఫిబ్రవరిలోనే ప్రకటించింది. ఇప్పటికీ ఆ పేరు చెప్పుకుంటున్నారంటేనే అనుమానించాలి. సంపాదకవర్గంలో ఒకరికి, వారి విశ్వవిద్యాలయ ఈమెయిల్‌కే, ‘మీరు ఈ పత్రికలో ఉన్నారా?’ అని రాసి చూడండి. జవాబు వచ్చేదాకా డబ్బు కట్టకండి. థీసిస్ సమర్పణకు ప్రచురణ తప్పనిసరన్న షరతు 2022 నిబంధనల్లో లేదు. మీ విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టుకుందేమో మాత్రం పీహెచ్‌డీ విభాగంలో అడగండి.