ఆల్బుమిన్ మందు ఎక్కించే ముందు

పర్లాకిమిడి

చిన్నా,

అమ్మకి విశాఖలో పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు (కీమో) మొదలుపెడుతున్నారన్నావు. ఏ పాక్లిటాక్సెల్ అని అడిగావా? ఆ పేరుతో రెండు రకాలున్నాయి. ఈ మందు నీళ్లలో సరిగ్గా కరగదు. అందుకని పాత రకాన్ని ఆముదంతో తయారైన ద్రావకంలోనూ ఆల్కహాల్‌లోనూ కలుపుతారు. ఆ ద్రావకం కొందరికి పడదు. దద్దుర్లు, ఆయాసం వస్తాయి. అందుకే ముందు స్టెరాయిడ్, అలర్జీ ఇంజెక్షన్లు చేసి, మామూలుగా మూడు గంటలపాటు ఎక్కిస్తారు.

రెండోది ఆల్బుమిన్ రకం. ఆల్బుమిన్ అంటే మన కాలేయం తయారుచేసే ప్రోటీన్. కొవ్వు ఆమ్లాల్లాంటి నీళ్లలో కరగని వాటిని రక్తంలో మోసుకు తిరుగుతుంది. మందుని దానికి అంటించి 130 నానోమీటర్ల రేణువులుగా చేశారు. ద్రావకం గొడవ లేదు, అరగంటలో అయిపోతుంది. అమెరికాలో 2005లో రొమ్ము క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. గడ్డలు ఆల్బుమిన్‌ని లాక్కుంటాయి కాబట్టి మందు కూడా లోపలికి చేరుతుందని ఆశ. అలాగని గడ్డకే పోతుందనుకోకు. జుట్టు ఊడుతుంది, తెల్లకణాలు పడిపోతాయి. ఆ సంగతి అమ్మకి ముందే చెప్పు, జడంటే దానికి ఎంత ప్రాణమో నాకు తెలుసు.

మూడు వారాలకోసారి ఇచ్చేటప్పుడు పాత రకం ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 175 మిల్లీగ్రాములు, ఈ ఆల్బుమిన్ రకం 260. అందుకే షాపువాడు చవకని ఒకదాని బదులు ఇంకోటి ఇస్తే తీసుకోకు. మార్చాలంటే డాక్టరే డోసు లెక్కగట్టి రాయాలి. మన ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడ ఈ మందుకి చెల్లుతుందో లేదో కూడా ముందే కనుక్కో.

సెలైన్‌లో ఈ ఆల్బుమిన్ మందు పాలలా తెల్లగా ఉంటుంది. నేను కీమో ఎక్కించే డేకేర్ వార్డులో నర్సుగా ఉన్నప్పుడు "పాడైపోయింది సిస్టర్" అంటూ పరిగెత్తుకొచ్చినవాళ్లు ఎందరో! దాని రంగే అంత. గుడ్డులోనూ ఆల్బుమిన్ ఉంది కదా, గుడ్లు తింటే ఈ మందు బాగా పనిచేస్తుందని ఎవరైనా అంటారు. గుడ్లు బలానికి పెట్టు, మందుకీ వాటికీ సంబంధం లేదు.

తిమ్మిర్లు మాత్రం ఈ రకంతో ఎక్కువ. అరికాళ్లు మొద్దుబారినా, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయినా తర్వాతి డోసుకి ముందే డాక్టరుకి చెప్పాలి. అమ్మ చెప్పదు, నువ్వే అడగాలి. జ్వరం 100.4 దాటితే మాత్ర వేసి పొద్దున రైలు దాకా ఆగొద్దు. రాత్రయినా రాయగడ జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లి, కీమో జరుగుతోందని మొదటి మాటలోనే చెప్పు. డిశ్చార్జ్ కాగితాల జిరాక్సు ఒకటి అమ్మ సంచిలోనే ఉంచు.

మీ పెద్దమ్మ