ఇంటిపేరు మారినా బిరుదు ఎలా నిలుస్తుంది?

ప్రశ్న: మేం ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటున్నాం. ఈమధ్య అమ్మానాన్నల్ని బీవర్ కోటకు తీసుకెళ్లాం. అది ఒకప్పుడు డి రాస్ వంశానిదట, ఇప్పుడు మానర్స్ వంశానిది. డి రాస్ బిరుదు మాత్రం వేరే కుటుంబానికి పోయిందట. ఒకరి బిరుదు మరో వంశానికి ఎలా వెళ్తుంది? ఆడపిల్లలకు, దత్తత పిల్లలకు వస్తుందా? లార్డ్ బిరుదు అమ్ముతామంటూ ఇంటర్నెట్‌లో ప్రకటన చూసి మావారు ముచ్చటపడుతున్నారు. కొనొచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: కొనొద్దమ్మా. ఎందుకో చివర్లో చెబుతాను.

ఇంగ్లండులో బిరుదు ఇంటిపేరు వెంట పోదు, కోట వెంటా పోదు. దాన్ని పుట్టించిన కాగితాన్ని బట్టి పోతుంది. వీలునామా రాసి నచ్చినవాళ్లకు ఇచ్చేది కాదు. పాతకాలంలో రాజు ఒక్కొక్కరినీ పేరుపేరునా ‘పార్లమెంటుకు రండి’ అని పిలుస్తూ రిట్, అంటే ఆజ్ఞాపత్రం పంపేవాడు. అందులో వారసుల ఊసే ఉండదు కాబట్టి, కొడుకులు లేకపోతే కూతుళ్లకూ చెల్లుతుందని తర్వాత స్థిరపడింది. రెండోది లెటర్స్ పేటెంట్, అంటే రాజముద్ర వేసి ఇచ్చే పత్రం. అందులో సాధారణంగా ‘పురుష సంతతికి’ అని ఉంటుంది.

మీరు చూసిన కోటలోనే ఈ రెండూ విడిపోయాయి. డి రాస్ బిరుదు 1264 నాటి రిట్‌తో మొదలైంది. కొన్ని తరాల తర్వాత ఆ వంశంలో మగ సంతతి లేక, మేనమామ బిరుదు మేనల్లుడు జార్జ్ మానర్స్‌కు వచ్చింది. ఆయన కొడుకు థామస్‌కు 1525లో పేటెంట్ ద్వారా ఎర్ల్ ఆఫ్ రట్లండ్ అనే ఇంకో బిరుదు కూడా దక్కింది. 1587లో మూడో ఎర్ల్ ఒక్క కూతురిని మిగిల్చి చనిపోయాడు. రట్లండ్ బిరుదు ఆయన తమ్ముడికి పోయింది, డి రాస్ కూతురు ఎలిజబెత్‌కు వచ్చింది. ఆమె సెసిల్ ఇంటి కోడలు కావడంతో బిరుదు ఆమె కొడుకు విలియం సెసిల్‌కు చేరింది. అతను 1618లో పిల్లలు లేకుండా పోతే మళ్లీ మానర్స్ ఇంటికే, ఆరో ఎర్ల్ ఫ్రాన్సిస్‌కు వచ్చింది.

ఫ్రాన్సిస్ ఇద్దరు కొడుకులూ పసితనంలోనే పోయారు. కోటకు దగ్గర్లోని బాటెస్‌ఫర్డ్ చర్చిలో ఆయన సమాధి మీద, వాళ్లు చేతబడి వల్ల చనిపోయారని చెక్కి ఉంది. మళ్లీ అటు వెళ్తే తప్పకుండా చూడండి. అలా బిరుదు కూతురు క్యాథరిన్‌కు, ఆమె ద్వారా విలియర్స్ వంశానికి చేరింది.

1687లో ఆ విలియర్స్ వారసుడు నిస్సంతుగా పోయాడు. మిగిలింది పాత తరాల ఆడపడుచుల సంతతి. కొడుకుల్లో పెద్దవాడికి మొదటి హక్కు, కూతుళ్లలో పెద్దా చిన్నా లేదు, అందరూ సమానమే. రెండెకరాల పొలమైతే చెరో ఎకరం పంచుకుంటారు, బిరుదును ఎలా కోస్తారు? అందుకే ఎవరికీ చెందకుండా ఆగిపోతుంది. దీన్ని ఎబేయన్స్ అంటారు. చివరికి ఒక్క వారసురాలో వారసుడో మిగలాలి, లేదా రాజు ఒకరిని ఎంచుకోవాలి. 1806లో రాజు షార్లెట్ ఫిట్జ్‌జెరాల్డ్‌ను ఎంచుకునేదాకా 119 ఏళ్లు ఆగింది. కూతుళ్లందరినీ సమానంగా చూసి, చివరికి ఎవరికీ దక్కకుండా చేసే ఈ పద్ధతి నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

దత్తత పిల్లలకు రాదు. మన జమీందారీల్లో దత్తపుత్రుడు గద్దెనెక్కడం మామూలే, అక్కడ మాత్రం రక్తసంబంధం ఉండాలి, పెళ్లి చట్టబద్ధం కావాలి. ఈ షరతు మనవాళ్లనూ తాకింది. బెంగాల్‌కు చెందిన న్యాయవాది సత్యేంద్ర ప్రసన్న సిన్హా 1919లో బారన్ సిన్హా అనే వంశపారంపర్య బిరుదు పొందారు. 1928లో ఆయన పోయాక, అప్పట్లో రెండో పెళ్లికి వీలుండే హిందూ వివాహం వల్ల పుట్టిన కొడుకు వారసుడవుతాడా అన్న ప్రశ్న వచ్చింది. ఏకపత్నీవ్రతం పాటించే బ్రహ్మసమాజంలో ఆ దంపతులు కొడుకు పుట్టకముందే చేరారన్న కారణంతో 1939లో హక్కు ఒప్పుకున్నారు.

ఇక కొనడం. పీరేజ్, అంటే ఇంతసేపూ చెప్పుకున్న బారన్, ఎర్ల్ లాంటి బిరుదు, అమ్మకానికి ఉండదు. ప్రభుత్వ గౌరవాలను డబ్బుకు ఇప్పిస్తామనడం 1925 చట్టం ప్రకారం నేరం. ‘లార్డ్ ఆఫ్ ది మానర్’ అని మరొకటుంది. అది పాత భూస్వామ్య హక్కు, ఆస్తిలా చేతులు మారుతుంది, కానీ కొన్నంత మాత్రాన పేరు ముందు లార్డ్ అని రాసుకునే హక్కు రాదు. ఆ బిరుదులున్న అసలు పీర్ల పేర్లు రోల్ ఆఫ్ ది పీరేజ్ అనే అధికారిక పట్టికలో ఉంటాయి, జనన వివాహ ధ్రువపత్రాలతో హక్కు రుజువు చేసుకున్నవాళ్లనే అందులో చేరుస్తారు. మీవారు ఇంకా భారత పౌరుడే అంటారా, విదేశీ రాజ్యమిచ్చే ఏ బిరుదునూ స్వీకరించకూడదని మన రాజ్యాంగం 18వ అధికరణం చెబుతోంది.

ఒకవేళ ఇప్పటికే క్రెడిట్ కార్డుతో కట్టేసి ఉంటే, ప్రకటన ప్రింటు, రసీదు జతచేసి బ్యాంకుకు ఇవాళే ఫిర్యాదు రాయండి.