అమ్మడికి, ప్యానెల్ తలుపు మూసేముందు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, అది ఇంట్లో బీరు కాస్తుందట, దానికి కరెంటు పెట్టె కూడా తనే కట్టుకుంటుందట, నువ్వన్నా చెప్పు" అంది. బీరు సంగతి నేనే సర్దిచెప్పాను. 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో అమెరికాలో ఇంట్లో తాగేందుకు బీరు కాచుకోవడానికి ఫెడరల్ పన్ను లేకుండా వీలు కలిగింది, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకూ. అమ్మకూడదు, బట్టీ పెట్టి సారా దించకూడదు. ఇది విన్నాక ఆవిడ సగం నెమ్మదించింది. మిగతా సగం భయం కరెంటుది. అది నాకూ ఉంది, మీ అమ్మకంటే ఎక్కువే ఉంది. ఆ పెట్టెలో ఏముంటుందో నాకు తెలుసు కాబట్టి.

సంతోషం కూడా ఉంది, దాచుకోను. బాలానగర్ షెడ్డులో నా బల్ల కింద చేరి, తీగలకు తొడిగే పసుపు ఫెరూల్ నంబర్లు వరసగా పేర్చిన పిల్లవి నువ్వు. మనింట్లో మగపిల్లలందరికీ ఈ పని నేర్పాలని చూశాను, ఒక్కడూ స్క్రూడ్రైవర్ ముట్టలేదు. నువ్వు పంపిన డ్రాయింగు ప్రింటు తీయించి, కళ్లజోడు తుడుచుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. డెట్రాయిట్ దగ్గర ప్యానెల్ షాపులో పనిచేసిన రోజులు గుర్తొచ్చాయి.

లెక్కలు బాగా వేశావు. నీళ్లు కాచే 5500 వాట్ల ఎలిమెంటు, 240 వోల్టులు, దగ్గర దగ్గర 23 ఆంపియర్లు. 30 ఆంపియర్ల బ్రేకరు, 10 గేజ్ రాగి తీగ. గంటల తరబడి నడిచే లోడు బ్రేకర్‌లో 80 శాతం దాటకూడదు, అంటే 24. నీది అందులో ఇమిడింది. నీళ్ల కుండకీ మరిగే కుండకీ చెరో ఎలిమెంటు పెడతానన్నావు. రెండూ ఒకేసారి వెలగకుండా సెలెక్టర్ స్విచ్చు పెట్టావు, మంచిది.

నువ్వు ప్యానెల్ ప్లగ్గు పెట్టబోయేది బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ సాకెట్టులో కదా, గోడలో ఉన్న ఆ సాకెట్టు చూసుకో. మూడు కాళ్లదైతే పాత రకం, దానికి విడిగా ఎర్తు ఉండదు. అక్కడి ఎలక్ట్రికల్ కోడు 1996 నుంచి కొత్త ఇళ్లకు నాలుగు కాళ్లదే కావాలంది. నీది మూడుదైతే పర్మిట్ తీసుకుని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో మార్పించు. ఆ ఒక్కపని నువ్వు చేయొద్దు. ఇన్సూరెన్సు వాళ్లు రేపు అడిగేది ముందు అదే.

రంగుల విషయం చెబుతాను, ఇది నీకే ప్రత్యేకం. మా షెడ్డులో నీకు నేర్పింది ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. అమెరికాలో నలుపే ఫేజు. తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. నీకిదంతా తెలుసు, చదివావు. కానీ అర్ధరాత్రి అలసిపోయి ఉన్నప్పుడు చెయ్యి చిన్నప్పుడు నేర్చిందే చేస్తుంది. అక్కడ చేరిన కొత్తలో నల్ల తీగ కనబడితే నా చెయ్యి దానంతటదే న్యూట్రల్ బార్ వైపు పోయేది. అందుకే రాత్రిపూట వైరింగ్ చెయ్యకు. శనివారం పొద్దున్నే, కాఫీ తాగి, వెలుగులో చెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. నీ డ్రాయింగులో కాంటాక్టర్ లేదు, అదే, కాయిల్ అయస్కాంతంతో కాంటాక్టులను కలిపి తెంపే పెద్ద స్విచ్చు. మొదట ఉండేదనీ, కదిలే భాగాల్లేని ఎలక్ట్రానిక్ స్విచ్చు ఎస్‌ఎస్‌ఆర్ ఉండగా మళ్లీ అదెందుకని తీసేశాననీ, యాభై డాలర్లు మిగిలాయనీ రాశావు. ఆ వాక్యం చదివాక నాకు నిద్ర పట్టలేదు.

నేను బాలానగర్‌లో పనికి కుదిరిన కొత్తలో మా పక్క షెడ్డు నికెల్ పూత వేసే ప్లేటింగ్ యూనిట్. నికెల్ తొట్టెలను వేడిగా ఉంచడానికి ఇమ్మర్షన్ హీటర్లు వేలాడేవి. వాటికి కొత్త ప్యానెల్ కట్టించారు. కట్టిన మేస్త్రీ చెయ్యి తిరిగినవాడే. అప్పుడప్పుడే ఎస్‌ఎస్‌ఆర్‌లు వస్తున్నాయి, శబ్దం లేదు, కాంటాక్టు అరుగుదల లేదు, అందరికీ మోజు. ఇదే స్విచ్చు కదా, కాంటాక్టర్ దండగ అని దాన్ని తీసేశాడు. ఇంకో పని కూడా చేశాడు. "హీటర్ ఆన్" అని ఉన్న ఎర్ర దీపాన్ని హీటర్ కొసలకు కాకుండా, టెంపరేచరు చూసే కంట్రోలర్ అవుట్‌పుట్‌కి కలిపాడు. అంటే ఆ దీపం కంట్రోలర్ ఏమడిగిందో చెబుతుంది తప్ప హీటర్‌కి కరెంటు వెళ్తోందా లేదా చెప్పదు.

ఎస్‌ఎస్‌ఆర్ పాడైతే ఎక్కువసార్లు తెగిపోదు, అతుక్కుపోతుంది, ఆఫ్ అన్నా కరెంటు పోతూనే ఉంటుంది. అక్కడా అదే అయింది. ఆదివారం తొట్టె కడగాలని అక్కడ పనిచేసే కుర్రాడు ద్రావణం తోడేశాడు. పోతూ ప్యానెల్ వైపు చూశాడు. దీపం ఆరి ఉంది. కంట్రోలర్ మీద ఆఫ్ అని ఉంది. వాడు చూడాల్సినవి రెండూ చూశాడమ్మా, వాడి తప్పు ఏమీ లేదు. ద్రావణం దిగిపోయాక హీటర్ గాలిలో కాలుతోంది. పగటి వెలుతురులో, నికెల్ మరకలు పట్టిన ఆ గొట్టం మామూలుగానే కనిపించింది. పైకి తీద్దామని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

ఆ కేక విని గోడ అవతల నుంచి మేం పరుగెత్తాం. మెయిన్ ఎక్కడుందో వెతకడానికే కొంతసేపు పట్టింది. తొట్టె లోపలి ప్లాస్టిక్ పొర అప్పటికే కరిగి పొగ వస్తోంది, ఇంకాస్త ఆలస్యమైతే షెడ్డంతా అంటుకునేది. స్కూటర్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. బతికాడు. అరచెయ్యి మానింది గానీ వేళ్లు ముడుచుకుపోయాయి. ఇప్పటికీ పెళ్లిళ్లలో కలుస్తుంటాడు. అందరూ కుడిచేత్తో అక్షింతలు వేస్తుంటే వాడు ఎడమచేత్తో వేస్తాడు. నేను ఆ చెయ్యి చూడకుండా ఉండాలనుకుంటాను, చూస్తూనే ఉంటాను.

ఆ ప్యానెల్‌లో లోటు ఒక కాంటాక్టర్, తప్పుచోట కలిపిన ఒక దీపం. అంతే.

నీ దగ్గర పరిస్థితి దానికంటే కష్టం, ఎందుకో చెబుతాను. మన దగ్గర ఒక ఫేజు, ఒక న్యూట్రల్. ఫేజు తెంపితే హీటర్ చచ్చినట్టే. అక్కడి 240లో న్యూట్రల్ లేదు, రెండు తీగలూ ఫేజులే, ఒక్కొక్కటీ ఎర్తుతో చూస్తే 120. నీ ఎస్‌ఎస్‌ఆర్ ఒక తీగనే తెంపుతుంది. రెండోది తిన్నగా ఎలిమెంటుకి పోతోంది. అంటే నీ పీఐడీ కంట్రోలర్ ఆఫ్ అన్నా, కుండ చల్లగా ఉన్నా, ఎలిమెంటు మొత్తం 120 వోల్టుల మీద కూర్చునే ఉంటుంది. నువ్వేమో పక్కనే తడిచేతులతో బీరుకి వేసే మాల్ట్ గింజలు కలుపుతుంటావు.

కాబట్టి ప్రతి ఎలిమెంటుకీ రెండు పోల్స్ ఉన్న కాంటాక్టర్ ఒకటి, రెండు ఫేజులూ ఒకేసారి తెంపేది. కాయిల్ 120 వోల్టులది తీసుకో. రేటింగ్ చూసేటప్పుడు ఏసీ-1 అంకె చూడు, హీటర్లకు అది; ఏసీ-3 మోటార్లది. ఎమర్జెన్సీ పుట్టగొడుగు బటన్‌లో మామూలుగా కలిసి ఉండి, నొక్కితే తెగే కాంటాక్టుని ఆ కాయిల్ దారిలో పెట్టు. కొందరు ఆ బటన్ నొక్కితే రెసిస్టర్ గుండా ఎర్తులోకి కాస్త కరెంటు వదిలి, కరెంటు కారితే తెంపేసే జీఎఫ్‌సీఐని ట్రిప్ చేయిస్తారు. అది పనిచేస్తుంది, కానీ నాకు నచ్చదు. ఆపడానికి కరెంటు పారాలంటే, ఆ దారిలో ఒక తీగ ఊడితే ఆపడమే ఉండదు. కాయిల్ దారిలో తీగ ఊడితే దానంతటదే ఆగిపోతుంది.

దీపాన్ని ఎలిమెంటు సాకెట్టు కొసలకే కలుపు. ఎలిమెంటు తీసేసి చూస్తే అది మసగ్గా వెలగొచ్చు. ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీఆంపియర్లు కారుతుంది, దానివల్ల. కంగారుపడకు, కానీ ఆ కాస్తా గుర్తుపెట్టుకో.

ఇక జీఎఫ్‌సీఐ. మన ఇళ్లలో అదే పని చేసే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లకు పడుతుంది, అక్కడిది 5కే పడుతుంది. 240 వోల్టుల జీఎఫ్‌సీఐ బ్రేకరు విడిగా కొంటే ఖరీదు. హోమ్ డిపోలోనో లోవ్స్‌లోనో వేడినీళ్ల టబ్బుల కోసం స్పా ప్యానెల్ అని అమ్ముతారు, 50 ఆంపియర్ల జీఎఫ్‌సీఐ బ్రేకరు పెట్టెతో సహా వస్తుంది, చవక. గోడలోని 30 బ్రేకరు ముందుంటుంది కాబట్టి తీగకు రక్షణ ఉంటుంది. దాంట్లో అందరూ తడబడేది ఒక్కచోట: బ్రేకరుకున్న చుట్టల తెల్ల తీగ న్యూట్రల్ బార్‌కి పోతుంది, నీ ప్యానెల్ నుంచి వచ్చే న్యూట్రల్ మాత్రం బ్రేకరుకే రావాలి. దాన్నీ బార్‌కి కలిపావంటే పంపు ఆన్ చేయగానే పడిపోతుంది. అప్పుడు విసుగొచ్చి దాన్ని తీసేయాలనిపిస్తుంది. తీసేశావని తెలిస్తే నేను విమానం ఎక్కి వస్తాను.

కుండలకు ఎర్తు తీగ స్టీలుకే పట్టాలి, బోల్టు వేసి. ప్యానెల్ తలుపుకీ వేరే ఎర్తు తీగ వెయ్యి, కీళ్లను నమ్మకు.

సామాను మాటకొస్తే, హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో కొని పంపించమని మీ అమ్మ సలహా. వద్దు. బ్రేకర్లు, సాకెట్లు అక్కడివే కావాలి, భద్రత పరీక్షించి వేసే యూఎల్ ముద్ర ఉన్నవే కావాలి. పెట్టె, ఫ్యూజులు, టెర్మినళ్లు, కాంటాక్టర్లు జార్జియాలోని ఆటోమేషన్ డైరెక్ట్‌లో దొరుకుతాయి. పీఐడీ ఆబర్ వాళ్లది తీసుకుంటానన్నావు, మంచి ఎంపిక. మాష్‌కీ, అంటే మాల్ట్ వేడినీళ్లలో నానేటప్పటికీ, మరిగించడానికీ రెండు పద్ధతులున్నది చూడు, మరిగేటప్పుడు శాతంలో కరెంటు ఇవ్వాలి గానీ టెంపరేచరు వెంటపడకూడదు. టెంపరేచరు సెన్సర్ పీటీ100, మూడు తీగలది. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, వంద దగ్గర 138.5, ఐసునీళ్లలో పెట్టి మీటరుతో చూసుకుంటే మంచిదో కాదో అక్కడే తేలిపోతుంది. మాష్‌లో 65కీ 68కీ మధ్య ఉన్న మూడు డిగ్రీల తేడాకే రుచి మారుతుందని నువ్వే కదా చెప్పావు.

ఎస్‌ఎస్‌ఆర్ ఒక్కటి మాత్రం చవకది కొనకు. ఫోటెక్ పేరుతో నకిలీలు ఆన్‌లైన్‌లో కుప్పలుగా ఉన్నాయి, 40 అని రాసి ఉంటుంది, లోపలి చిప్పు అందులో సగం కూడా మోయదు. అసలుదైనా 23 ఆంపియర్ల దగ్గర పాతిక వాట్లకు పైగా వేడి వదులుతుంది, అంటే మూసిన పెట్టెలో సోల్డరింగ్ ఐరన్ ఒకటి గంటసేపు వెలిగించి ఉంచినట్టే. వేడి లాగే హీట్‌సింక్ రెక్కలు పెట్టె బయటికి, నిలువుగా ఉండాలి, ఎస్‌ఎస్‌ఆర్‌కీ దానికీ మధ్యలో వేడిని మోసే పేస్టు పలుచగా రాయాలి. ఆస్టిన్ ఎండల్లో మీ గరాజ్ సంగతి నాకు తెలియదా.

పీఐడీకి, దీపాలకు పోయే సన్న తీగలకు విడిగా ఫ్యూజులు వెయ్యి. 30 బ్రేకరు పడేలోపు సన్న తీగ కాలిపోతుంది.

కొసల పని దగ్గర తొందరపడకు. పోగుల తీగని స్క్రూ కింద నేరుగా బిగించకు. తొడుగు ఒలిచాక పోగులన్నీ వేళ్ల మధ్య మెలిపెట్టి, తీగ కొసకి తొడిగి నొక్కే లగ్గులోకి దూర్చి, వెంట్రుకంత పోగు కూడా బయట మిగల్లేదని వెలుగుకి ఎదురుగా పెట్టి చూడు. నొక్కాక గట్టిగా లాగు. ఊడితే ఇప్పుడే ఊడాలి. నా క్రింపింగ్ టూల్ మీ అమ్మ వచ్చేటప్పుడు ఇచ్చి పంపిస్తాను, పిడి మీద నీ పళ్ల గాట్లు ఇంకా ఉన్నాయి. 10 గేజ్ అంటే 5.26 చదరపు మిల్లీమీటర్లు, మన 6 లగ్గు సరిపోతుంది. రెండు మూడు సార్లు బీరు కాచాక కరెంటు తీసి అన్ని స్క్రూలూ మళ్లీ బిగించు. రాగి వేడెక్కి చల్లారి లూజవుతుంది.

గంట మరిగిస్తే దాదాపు గ్యాలన్ నీళ్లు ఆవిరవుతాయి. అదంతా చల్లటి చోటు వెతుక్కుంటుంది, ప్యానెల్ అందులో ఒకటి. కుండకి దూరంగా కట్టు, తీగలన్నీ కిందనుంచే, చుట్టూ బిగిసే గ్లాండులతో లోపలికి రావాలి, బయట ఒక వంపు కిందికి జారి ఉండాలి. పై నుంచి కన్నం పెట్టకు.

కరెంటు ఇచ్చే రోజు ఒక్కదానివే ఉండకు. అల్లుణ్ణి స్పా ప్యానెల్ దగ్గర నిలబెట్టు, నువ్వు "ఆపు" అంటే ఎందుకని అడగకుండా ఆపాలి. ముందు కరెంటు లేకుండా మీటరుతో ప్రతి తీగా చూసుకో. ఎలిమెంటు కొసల మధ్య పదిన్నర ఓములు రావాలి, కొస నుంచి కుండకి ఏమీ రాకూడదు. తర్వాత కుండలో నీళ్లు ఎలిమెంటు మీద జానెడు ఎత్తు నిండాకే ఆన్ చెయ్యి. మొదటి రోజు ఉత్త నీళ్లే. జీఎఫ్‌సీఐ టెస్ట్ బటన్ ఆ రోజు, ఆ తర్వాత కాచే ప్రతిసారీ.

ఆ రోజుకి ముందు తలుపు తెరిచి ఫోటోలు తీసి పంపించు. దీపాలవీ బటన్లవీ కాదు, లోపలివి, వెలుతురులో, తీగ నంబర్లు చదవగలిగేంత దగ్గరగా. కాంటాక్టర్లు రెండూ కనబడాలి. నేను ఫోన్ చేసి సరే అనేదాకా ఆ డ్రయ్యర్ సాకెట్టులో నీ ప్యానెల్ ప్లగ్గు పెట్టకు. అక్కడ పగలు మాకు రాత్రని ఆలోచించకు, ఎప్పుడు పంపినా లేచి చూస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య