తాతగారి నాణేలు: తోమవచ్చా?

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం నాణేలు, కొన్ని నయా పైసలు దొరికాయి. నల్లబడిన వాటిని చింతపండుతో తోమవచ్చా? సేకరణ ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: దయచేసి తోమకండి. చింతపండు పులుపు ఇత్తడి బిందెకు మేలు చేయవచ్చు గానీ, నాణెం మీద ఏళ్ల తరబడి ఏర్పడిన పైపొరను తినేస్తుంది. ఆ కొత్త మెరుపు చూడగానే సేకరణదారులు పెదవి విరుస్తారు. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఉంచితే రాగి నాణేలపై పచ్చటి జిగురు పేరుకుంటుంది కనుక, వాటికి బదులు మైలార్ (పీవీసీ కాని పారదర్శక ప్లాస్టిక్) పొర ఉన్న అట్ట హోల్డర్లు వాడండి.

సేకరణను 1957లో మొదలైన దశాంశ నాణేలతో (రూపాయికి వంద పైసల లెక్కన వచ్చినవి) ఆరంభించండి. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది సాధారణంగా హైదరాబాద్ టంకశాలది (నాణేలు ముద్రించే చోటు), వజ్రాకారం ఉంటే ముంబైది, చుక్క ఉంటే నోయిడాది. ఏ గుర్తూ లేనిది కోల్‌కతాది.