ఆ ముళ్లపొదల్ని ఉండనివ్వండి

ప్రశ్న: మాది లంకమల కొండల దగ్గరి పల్లె. ఊరి పక్కన ముళ్లపొదలు పెరిగిన పోరంబోకు భూమి ఉంది. మా యువజన సంఘం దాన్ని పొక్లెయిన్‌తో చదును చేయించి వేప, కానుగ మొక్కలు నాటాలనుకుంటోంది. ఎంత దూరంలో నాటితే అడవి త్వరగా పెరుగుతుంది?
– ఒక పాఠకుడు, బద్వేలు ప్రాంతం

జవాబు: పొక్లెయిన్‌ను వెంటనే వద్దని చెప్పండి. మొక్కలు నాటాలన్న మీ సంకల్పం మంచిదే, దానికి చోటు మాత్రం అది కాదు. మీరు చదును చేయబోతున్నది అడవినే. ఎత్తైన చెట్లుంటేనే అడవి అనుకుని మనం పోగొట్టుకున్న చిట్టడవులను తలచుకుంటే నాకు కడుపు మండుతుంది.

రేగు, కలివి, తుమ్మ పొదలు, వాటి నడుమ ఖాళీ నేల. కలివికోడికి కావలసింది సరిగ్గా ఇదే. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో మీ కడప జిల్లాలోనే, రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టింది చదువుకున్న శాస్త్రవేత్త కాదు, స్థానిక వేటగాడు. పగలు పొదల చాటున ఉంటుంది, చీకటి పడ్డాక ఖాళీ నేల మీద పరుగులు తీస్తూ పురుగులు ఏరుకుంటుంది. కంటపడటం ఎంత కష్టమంటే, పరిశోధకులు మెత్తటి మట్టి పట్టీలు పరిచి, వాటి మీద పడిన పాదముద్రల్ని బట్టి దాని ఉనికి తెలుసుకునేవారు. హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలున్న చోటే అది ఎక్కువగా ఉంటుందని వాళ్లు తేల్చారు. పొదలు కొట్టేస్తే దాగడానికి చాటుండదు, చెట్లు కమ్ముకుంటే పరుగెత్తడానికి నేల ఉండదు.

ఈ పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. అంత పెద్ద కాలువే పక్కకు జరిగినప్పుడు మీ మొక్కలు జరగలేవా? వేప, కానుగలను చెరువుకట్ట మీద, బడి ఆవరణలో, రోడ్డు పక్కన నాటండి. పోరంబోకులో చేయవలసిన పని వేరే ఉంది. బయటి నుంచి వచ్చి నేలంతా కమ్మేసే సర్కారు తుమ్మ మొలకలు కనిపిస్తే, అవి లేతగా ఉన్నప్పుడే వేళ్లతో సహా పెరికేయండి. మేకలు ఓ మోస్తరుగా మేస్తే భయపడకండి, వంటచెరకుకు పొదలు నరకడం మాత్రం ఆపించండి. పక్షిని చూడాలని రాత్రిళ్లు లైట్లతో తిరగవద్దు.

ఆ నేలను అలాగే ఉంచాలని గ్రామసభలో తీర్మానం చేయించి, ఒక ప్రతిని అటవీశాఖ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు మరెవరైనా యంత్రంతో వస్తే చూపడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది.